పాత సినిమాల మీద రాయాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

పాత తెలుగు సినిమాలు ఒక్కొక్కటే చూసి, వాటి మీద నీకు తోచింది రాద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ఆ ఉత్సాహంలోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో నీకు పనికొచ్చింది తీసుకో, మిగతాది వదిలెయ్.

అన్నిటికంటే ముందు ఒక మాట. "అద్భుతం", "అమోఘం", "అలాంటి నటులు మళ్లీ పుట్టరు" అని రాయబుద్ధి వేసినప్పుడల్లా కలం ఆపు. ఏ సన్నివేశం చూస్తే అలా అనిపించిందో ఆ సన్నివేశం రాయి. సావిత్రి మహానటి అని ఊరూవాడా ఎప్పుడో ఒప్పుకుంది, కొత్తగా నువ్వు చెప్పక్కర్లేదు. ఆవిడ ఎక్కడ, ఏం చేస్తే నీకు ఒళ్లు పులకరించిందో చెప్పు.

'మాయాబజార్' తీసుకో. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తిన దగ్గర్నుంచి తెర మీద ఉన్నది సావిత్రే, కానీ ఆ ఒంట్లో ఉన్నది ఎస్వీ రంగారావు. "అహ నా పెళ్లి అంట" పాటలో సుశీల గొంతు హాయిగా సాగిపోతుంటే మధ్యలో ఘంటసాల గొంతు జొరబడుతుంది. అదిగో, అక్కడ చూడాలి సావిత్రిని. భుజాలు విచ్చుకుంటాయి, చూపు బరువెక్కుతుంది, అడుగు దబ్బున పడుతుంది. మరుక్షణం మళ్లీ సిగ్గులమొగ్గ అయిపోతుంది. ఏదో ఒక మగవాడిలా చేస్తే మనం నవ్వేసి ఊరుకునేవాళ్లం. ఆవిడ సరిగ్గా రంగారావు పోసిన ఘటోత్కచుడి పోతనే పట్టుకుంది. ఆ సంగతి తెలియాలంటే అంతకుముందు రంగారావు నడకా, మీసం మీదికి పోయే చెయ్యీ, ఆ నవ్వూ నీ కంట్లో ఉండాలి. అందుకే ఏ సినిమా అయినా రెండుసార్లు చూడమంటాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఒక్క మనిషి కోసం. ఆ మనిషి మాట్లాడనప్పుడు ఏం చేస్తున్నారో చూడు, అసలు నటన అక్కడే దొరుకుతుంది.

అన్నట్టు, ఆ సినిమాకి 2010లో రంగులద్దారు. నువ్వు మాత్రం ముందు నలుపు తెలుపుల్లోనే చూడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ దీపాలు అమర్చుకున్నది ఆ నలుపు తెలుపుల కోసమే. "లాహిరి లాహిరి"లో నీళ్ల మీద మెరిసే వెన్నెల తెల్లదనం రంగుల్లో నాకైతే ఆనలేదు. ఇంకొకటి కూడా గమనించు. అది పాండవుల ఇంటి పెళ్లికథే అయినా ఒక్క పాండవుడు కూడా తెర మీదికి రాడు. వాళ్లు లేని లోటు ఒక్క క్షణమైనా తెలిసిందేమో చూసి చెప్పు. దర్శకుడు కె.వి.రెడ్డి స్క్రీన్‌ప్లే గురించి రాయదలిస్తే అక్కడ మొదలుపెట్టు.

ఇక ఎన్టీఆర్ గొప్పా ఏయన్నార్ గొప్పా అనే తగువు. దాని జోలికి పోకు తల్లీ. మా తరం ఆ వాదనలో గొంతులు పోగొట్టుకుంది తప్ప ఇద్దరి నటన గురించీ పిసరంత కొత్త విషయం బయటపెట్టలేదు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టే బదులు, ఒక్కరివే రెండు సినిమాలు వెంటవెంటనే చూడు. 1953లో వచ్చిన 'దేవదాసు' ఒక సాయంత్రం, 1955 నాటి 'మిస్సమ్మ' మర్నాడు. మొదటిదాంట్లో "జగమే మాయ" అంటూ వాలిపోయే కనురెప్పలతో కూర్చున్న నాగేశ్వరరావే రెండోదాంట్లో ఆరాలు తీస్తూ తిరిగే డిటెక్టివ్ రాజు. అంత పెద్ద విషాద పాత్రతో పేరు మోగిపోయాక, వేరే హీరో ఉన్న సినిమాలో హాస్యపాత్ర ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. రామారావుకైతే 'మాయాబజార్' కృష్ణుణ్ణి చూసి, వెంటనే 1962 నాటి 'గుండమ్మ కథ' పెట్టుకో. జనం దేవుడని దండం పెట్టుకున్న మనిషి నిక్కరు వేసుకుని, రోట్లో పిండి రుబ్బుతూ "లేచింది నిద్ర లేచింది మహిళాలోకం" అని పాడతాడు. ఆ రుబ్బడంలో ఎక్కడా "నేను హీరోని" అన్న బిగువు కనపడదు. రామారావులోని హాస్యనటుడికి దక్కాల్సిన పేరు దక్కలేదన్నది నా గట్టి అభిప్రాయం. కాదంటే వాదించు, కానీ సీను చూపించి వాదించు.

నన్నడిగితే అందరికంటే పెద్ద పీట ఎస్వీ రంగారావుకే. ఆయన పుట్టింది 1918లో, రామారావు 1923లో. ఐదేళ్ల తేడా అంతే, అయినా 'గుండమ్మ కథ'లో రామారావుకి తండ్రిగా వేస్తే మనం నోరెత్తకుండా నమ్మేశాం. 1951లో 'పాతాళ భైరవి' వచ్చేనాటికి ఆయనకు ముప్ఫై మూడేళ్లు కూడా నిండలేదు. ఆ నేపాళ మాంత్రికుణ్ణి చూసి ఆ వయసు ఎవరైనా చెప్పగలరా! ఆ మాంత్రికుడు, 'మిస్సమ్మ' జమీందారు, ఘటోత్కచుడు, 'నర్తనశాల' కీచకుడు, ఈ నలుగురినీ వరసగా చూడు. కీచకుడి పాత్రకు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందన్నది చాలామంది రాసేదే. నువ్వు ఇంకాస్త ముందుకు వెళ్లు. కీచకుడు సైరంధ్రిని చూసే చూపునూ జమీందారు మిస్సమ్మను చూసే చూపునూ పోల్చి రాయి. ఒకే కళ్లు, ఒకదాంట్లో విషం, ఇంకోదాంట్లో కన్నతండ్రి కనికరం.

సూర్యకాంతాన్నీ, రేలంగినీ, రమణారెడ్డినీ, ఛాయాదేవినీ ఆఖర్న ఒక్క వాక్యంలో కలిపేసి "తదితరులు తమ పాత్రలకు న్యాయం చేశారు" అని మాత్రం రాయకు. ఆ వాక్యం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఇద్దరు పెద్ద హీరోలుండగా సినిమాకి గుండమ్మ పేరు పెట్టారంటే సూర్యకాంతం సత్తా ఏపాటిదో ఆలోచించు. ఆవిడది ఎడమచేతి వాటం. ఆ ఎడమ చెయ్యి విసురుతూ మాటంటే సగం దెబ్బ ఆ చేతిదే.

నచ్చనిది నచ్చలేదనే రాయి. పాతదంతా నెత్తిన పెట్టుకోవాలని ఎక్కడా లేదు. 'గుండమ్మ కథ' నాకు ప్రాణం, అయినా జమున వేసిన సరోజను దారికి తెచ్చే భాగం వచ్చేసరికి ఇబ్బందిగా కదులుతాను. పొగరు అణగాల్సింది ఎప్పుడూ ఆడపిల్లకేనా అనిపిస్తుంది. 'దేవదాసు'లోనూ అంతే. అర్ధరాత్రి గడప దాటి వచ్చి తన మనసు చెప్పుకున్నది పార్వతి, తండ్రికి జంకి వెనకడుగు వేసినవాడు దేవదాసు. కన్నీళ్లు మాత్రం మనం అతనికే ఎక్కువ పోశాం. ఇలాంటివి నీ వయసువాళ్లకి మాకంటే బాగా కనిపిస్తాయి. "ఆ కాలం అంతేలే" అని సర్దుకుపోకు. అయితే ఆ పక్కనే సావిత్రి ఆ పార్వతిని ఎంత తల ఎత్తుకుని చేసిందో కూడా రాయి.

పేర్ల విషయంలో కాస్త శ్రద్ధ పెట్టు. 'మాయాబజార్' సంగీతం ఘంటసాలదని అందరం అనేస్తాం. అందులో నాలుగు పాటలకు వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు, "లాహిరి లాహిరి" ఆ నాలుగింట్లో ఒకటి. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావువి. తెర వెనక వాళ్ల పేరు తప్పు రాస్తే సరిదిద్దేవాళ్లు కూడా ఉండరు, తప్పే నిలిచిపోతుంది.

తారల సొంత జీవితాల గొడవ నీకు వద్దు. సావిత్రి చివరి రోజుల గురించి చదివినవాళ్లు లక్షల్లో ఉంటారు, ఆవిడ 'మిస్సమ్మ'లో కోపాన్ని ఎన్ని రకాలుగా చూపించిందో గమనించినవాళ్లు చాలా తక్కువ. ఆ తక్కువమందిలో నువ్వుండాలని నా కోరిక. తెర వెనక సంగతి ఏదైనా సినిమా అర్థం కావడానికి సాయపడితే రాయి. ఆ మిస్సమ్మ పాత్రకి ముందు అనుకున్నది భానుమతిని. నిర్మాత చక్రపాణితో పొసగక ఆవిడ తప్పుకుంటే, రెండో నాయికగా ఉన్న సావిత్రి ఆ పాత్రలోకీ, జమున సావిత్రి పాత్రలోకీ వచ్చారు. ఇది తెలిశాక ఆ సినిమా ఇంకోలా కనిపిస్తుంది.

భానుమతి అంటే గుర్తొచ్చింది. ముందుగా ఆవిడ 'మల్లీశ్వరి' మీద రాయి. బి.ఎన్.రెడ్డి తీసింది, 1951 చివర్లో వచ్చింది, పాటలు కృష్ణశాస్త్రివి. తన పాటలు తానే పాడుకునే నటి కాబట్టి, గొంతుకీ ముఖానికీ మధ్య సందు ఉండదు. "ఆకాశ వీధిలో" పాట దగ్గర ఆపి, పెదవుల్ని కాకుండా కళ్లని చూడు. రాసింది నాకు పంపు. నా అభిప్రాయం మాత్రం నీది చదివాకే చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య