అద్దె ఇంట్లో ఉంటూ ఎలక్ట్రిక్ క్యాబ్ కొనొచ్చా?

ప్రశ్న: మాది ఉప్పల్, అద్దె ఇల్లు. తొమ్మిదేళ్లుగా యాప్‌లకు క్యాబ్ నడుపుతున్నాను, రోజుకు 180 కిలోమీటర్లు తిరుగుతాను. డీజిల్ బండి లోన్ తీరింది. దాన్ని అమ్మేసి ఎలక్ట్రిక్ కారు తీసుకుందామని ఉంది. రెండేళ్లకే బ్యాటరీ పోతుంది, తర్వాత ఎవడూ కొనడని బామ్మర్ది అంటున్నాడు. 3 లక్షలు దాచాను, చాలకపోతే మా ఆవిడ బంగారం పెడదామనుకుంటున్నాను.

జవాబు: బంగారం జోలికి మాత్రం పోకండి, ముందు ఆ మాట చెప్పేస్తున్నా.

మీ బామ్మర్ది అన్నది స్టాండులో చాయ్ తాగుతూ అందరూ అనేదే. రెండేళ్లన్నది అతి, కానీ పూర్తిగా కొట్టిపారేయలేం. చాలా కార్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది. సొంతానికి వాడుకునేవాళ్లకు 8 ఏళ్లు వస్తుంది. మీరు నెలకు 25 రోజులు, 180 చొప్పున తిరిగితే మూడేళ్లు నిండకముందే లక్షా అరవై దాటేస్తారు. లోన్ ఐదేళ్లు పెట్టుకుంటే చివరి రెండేళ్లూ వారంటీ లేని బ్యాటరీ మీద ఈఎంఐ కట్టాలన్నమాట! పైగా ట్యాక్సీగా రిజిస్టర్ చేస్తే వారంటీ షరతులు మారొచ్చు, షోరూం వాళ్ల నోటి మాట కాదు, కాగితం మీద చూపించమనండి.

ఇక ఖర్చు. డీజిల్ లీటరు 95, మైలేజీ 20 అనుకుంటే రోజుకు 855 రూపాయలు. ఎలక్ట్రిక్ కారుకు అదే దూరానికి, చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి, ఓ 28 యూనిట్లు. ఇంట్లో చార్జింగ్ పెడితే కరెంటు బిల్లు పై స్లాబులోకి వెళ్లి రేటు పెరుగుతుంది కాబట్టి యూనిట్ 9 వేసుకుందాం, 252 అవుతుంది. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 20 అయితే 560. అంటే ఇంట్లో చార్జింగ్ ఉంటే నెలకు 15 వేలు మిగులుతాయి, లేకపోతే 7,400 దాకా. డీజిల్ కారు కంటే 4 లక్షలు ఎక్కువ పెట్టి కొన్నారనుకోండి, 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఆ అదనపు మొత్తం మీదే ఈఎంఐ 8,700. బయట చార్జింగ్‌తో నష్టమే, మధ్యాహ్నం చార్జర్ దగ్గర గంట కూర్చుంటే పోయే ట్రిప్పులు నేనింకా లెక్కలో వేయలేదు. శంషాబాద్ ట్రిప్ పడిన టైముకే బ్యాటరీ 20 శాతం చూపిస్తే ఆ టెన్షన్ వేరే.

కాబట్టి ముందు అడగాల్సింది బ్యాంకును కాదు, ఇంటి ఓనర్‌ను. పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకోనిస్తాడా, కనీసం మూడేళ్లు ఖాళీ చేయించడా అన్నది తేల్చుకోండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ ట్యాక్సీలకు కూడా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2026 డిసెంబర్ 31 వరకు ఉంది, మంచిదే, కానీ ఆ తేదీ చూసి తొందరపడి సంతకాలు పెట్టకండి.

నెలకు ఇంత గ్యారంటీ అని యాప్ వాళ్లు చెప్పే మాట నమ్మి కూడా లోన్ తీసుకోవద్దు. ఢిల్లీ, బెంగళూరుల్లో ఎలక్ట్రిక్ క్యాబ్‌లు నడిపిన బ్లూస్మార్ట్ 2025 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి ఆగిపోయింది, డ్రైవర్ల పని పోయింది. అక్కడ కార్లు డ్రైవర్లవి కావు కాబట్టి వాళ్ల నెత్తిన ఈఎంఐ లేదు. మీకుంటుంది.

ఓనర్ ఒప్పుకుంటే లోన్ మూడేళ్లకే పెట్టుకోండి, డీజిల్ బండి అమ్మిన డబ్బు డౌన్ పేమెంట్‌కు వాడి, దాచిన 3 లక్షల్లో ఆరు నెలల ఈఎంఐ కదపకుండా ఉంచండి. ఒప్పుకోకపోతే పాత బండే నడపండి, దానికి అప్పు లేదు కదా. మరీ మనసు లాగుతుంటే అద్దెకు ఎలక్ట్రిక్ కారు తీసుకుని ఒక నెల తిప్పి, ఆ నెల చార్జింగ్ బిల్లులు పంపండి.