రీబూట్ చేస్తే స్మార్ట్‌డీ లేవడం లేదు

ప్రశ్న: పాత పీసీలో ఫ్రీబీఎస్‌డీ 14 (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఫైల్ సర్వర్‌గా వాడుతున్నాను. రెండు సాటా డిస్కులు, అప్పుడప్పుడు తగిలించే యూఎస్‌బీ డిస్కు ఒకటి ఉన్నాయి. డిస్కుల ఆరోగ్యం చూసే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసి, అందులో డిస్కులకు కాపలా కాస్తూ తేడా వస్తే మెయిల్ పంపే స్మార్ట్‌డీని ఆర్‌సీ.కాన్ఫ్‌లో (బూట్‌లో లేవాల్సిన సర్వీసులు రాసే ఫైలు) చేర్చాను. చేత్తో వన్‌స్టార్ట్ కమాండు ఇస్తే నడుస్తోంది, రీబూట్ చేస్తే లేవడం లేదు. ఇంతవరకు ఒక్క మెయిల్ కూడా రాలేదు.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వన్‌స్టార్ట్ ఆర్‌సీ.కాన్ఫ్‌లోని ఎనేబుల్ లైనును పట్టించుకోదు. కాబట్టి ముందు అనుమానించాల్సింది ఆ లైనునే. బూట్ సందేశాలు చూపే డీమెసేజ్‌ను హైఫన్ ఏతో నడిపి, ‘స్మార్ట్‌డీ_ఎనేబుల్: నాట్ ఫౌండ్’ అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే మీరు ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలారన్నమాట. ఆర్‌సీ.కాన్ఫ్ చూడ్డానికి సెట్టింగుల జాబితాలా ఉన్నా, నిజానికి అది షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం) చదివే స్క్రిప్టు. ఖాళీ కనబడితే షెల్ మొదటి ముక్కను కమాండు అనుకుంటుంది.

ఆ లైను తీసేసి, రూట్‌గా ‘సిస్‌ఆర్‌సీ స్మార్ట్‌డీ_ఎనేబుల్=యెస్’ ఇవ్వండి, ఆ లైనును అదే సరిగ్గా రాస్తుంది. చేత్తో దిద్దితే మాత్రం రీబూట్‌కు ముందు ‘ఎస్‌హెచ్ హైఫన్ ఎన్’తో ఆ ఫైలును పరీక్షించండి. మూయని కోట్ ఇందులో దొరుకుతుంది. ఖాళీ తప్పు దొరకదు, ఎందుకంటే వ్యాకరణం ప్రకారం అది సరైన కమాండే. కోట్ మూయకుండా రీబూట్ చేస్తే మెషీన్ పూర్తిగా లేవకుండా, ఎదుట కూర్చుని సరిచేయాల్సిన సింగిల్ యూజర్ మోడ్‌లో ఆగిపోతుంది. కీబోర్డూ మానిటరూ లేని సర్వర్‌కు అది పెద్ద తలనొప్పి.

ఇక స్మార్ట్‌డీ ఏ డిస్కులను చూడాలో చెప్పే స్మార్ట్‌డీ.కాన్ఫ్. ఇది యూఎస్‌ఆర్, లోకల్, ఈటీసీ కింద ఉంటుంది. నమూనా ఫైలును కాపీ చేసి అడుగున మీ లైన్లు చేర్చుకున్నారా? అందులో డివైస్‌స్కాన్ (డిస్కులన్నీ నువ్వే వెతుక్కో అని చెప్పే మాట) అన్న లైను ఉంటే దాని కింద రాసినవేవీ స్మార్ట్‌డీ చదవదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆ లైను ముందు హ్యాష్ పెట్టి, ఏడీఏ0, ఏడీఏ1 (మీ రెండు సాటా డిస్కుల పేర్లు) డిస్కులకు చెరో లైను రాయండి: డివైస్ పూర్తి దారి, హైఫన్ ఏ (మామూలు పరీక్షలన్నీ), హైఫన్ ఎమ్ (చిన్నక్షరం) రూట్ (మెయిల్ ఎవరికన్నది). యూఎస్‌బీ డిస్కు లైనుకు ‘హైఫన్ డీ రిమూవబుల్’ తప్పనిసరి. అది లేకపోతే, బూట్ సమయానికి డిస్కు తగిలించి లేనప్పుడు స్మార్ట్‌డీ మొత్తంగా ఆగిపోతుంది, సాటా డిస్కులకూ కాపలా ఉండదు. మీ ఇబ్బందికి ఇదీ కారణం కావచ్చు.

మెయిల్ సంగతి. ఫ్రీబీఎస్‌డీ 14 నుంచి మెయిల్ పంపే ప్రోగ్రాంగా సెండ్‌మెయిల్ స్థానంలో డీఎమ్‌ఏ వచ్చింది. మెయిల్ బయటికి పోవాలంటే డీఎమ్‌ఏ.కాన్ఫ్‌లో స్మార్ట్‌హోస్ట్ (మీ మెయిల్‌ను ముందుకు పంపే సర్వర్), పోర్ట్ 587, సెక్యూర్‌ట్రాన్స్‌ఫర్, స్టార్ట్‌టీఎల్‌ఎస్, పాస్‌వర్డ్ ఫైలు దారి ఇవ్వాలి. ఏలియాసెస్ ఫైలులో రూట్ పేరు ఎదుట మీ చిరునామా రాయండి. తర్వాత ఒక్క డిస్కు లైను చివర ‘హైఫన్ ఎమ్ (పెద్దక్షరం) టెస్ట్’ చేర్చి సర్వీసును రీస్టార్ట్ చేస్తే వెంటనే పరీక్ష మెయిల్ రావాలి. మెయిల్ వచ్చిన తర్వాత ఆ మాట తీసేయండి, లేకపోతే స్మార్ట్‌డీ లేచిన ప్రతిసారీ మెయిల్ వస్తుంది.

మామూలుగా స్మార్ట్‌డీ 1800 సెకన్లకోసారి డిస్కులను చూస్తుంది. అది పంపే మెయిళ్లలో ‘కరెంట్లీ అన్‌రీడబుల్ (పెండింగ్) సెక్టార్స్’ అని ఉంటే ఆలస్యం చేయకండి. డిస్కు చదవలేకపోయిన, ఇంకా ఏ సంగతీ తేలని సెక్టార్ల (డిస్కులోని చిన్న ముక్కల) లెక్క అది. ముందు బ్యాకప్ తీసుకోండి, ఆ తర్వాతే లాంగ్ టెస్ట్ (డిస్కు తనను తాను చేసుకునే పెద్ద పరీక్ష) పెట్టండి. ఆ టెస్ట్ డిస్కు మొత్తాన్నీ చదువుతుంది, చివరి దశలో ఉన్న డిస్కు దాన్ని తట్టుకోకపోవచ్చు.