ఫ్లోరిడాలో గార్డియన్ ఇల్లు అమ్మేస్తుంటే ఎక్కడికి వెళ్లాలి

మీ పిన్నిగారికి కోర్టు పెట్టిన గార్డియన్ (తన వ్యవహారాలు తాను చూసుకోలేని మనిషి తరఫున చూసే వ్యక్తి) ఆవిడ ఇల్లు అమ్మేస్తుంటే, గార్డియన్లను పర్యవేక్షించే రాష్ట్ర ఆఫీసుకి ఫిర్యాదు పెట్టినా ఆగలేదంటున్నారు కదా, ఆ ఆఫీసు అమ్మకాన్ని ఆపే చోటు కాదు. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమందికి గార్డియన్‌గా చేసే బయటివాళ్లు 40 గంటల కోర్సు, పరీక్ష పూర్తిచేసి ఏటా ఆ ఆఫీసులో రిజిస్టర్ కావాలి; తప్పు చేస్తే ఆ ఆఫీసు రిజిస్ట్రేషన్ రద్దు లాంటి చర్యలు తీసుకుంటుంది. అమ్మకం జడ్జి చేతిలో ఉంటుంది.

1. కోర్టు క్లర్క్ దగ్గర కేసు నంబరు చెప్పి లెటర్స్ ఆఫ్ గార్డియన్‌షిప్ (గార్డియన్‌కి ఏయే అధికారాలున్నాయో చెప్పే కోర్టు పత్రం) కాపీ తీసుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే: అందులో ఆస్తి అధికారం కనబడగానే ఇంకేముందిలే అని ఊరుకుంటారు. ఇల్లు అమ్మాలంటే దానికి విడిగా కోర్టు ఆర్డర్ ఉండాలి. కోర్టు ఫైల్లో ఆ ఆర్డర్ ఉందా, అమ్మడానికి అనుమతి అడిగే ఉత్త పిటిషనేనా చూడండి.

3. పిటిషనే అయితే విచారణలోపే లాయర్‌తో అభ్యంతరం వేయించండి. రాష్ట్ర ఆఫీసుకి పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకోకండి, అది దాని దారిన నడుస్తుంది.