ముందు ఫోన్ పెట్టేయ్

అమ్మలూ, ఆశీస్సులు.

మొదటి జీతం ఖాతాలో పడిందన్నావు, చాలా సంతోషం. బ్యాంకులో పనిచేసినవాణ్ణి కదా, పొదుపు గురించి చెబుతాననుకుంటావేమో. అది తర్వాత. ముందు ఉన్న డబ్బు పోకుండా చూసుకోవాలి.

మోసపోయి మా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లలో డాక్టర్లు, లెక్చరర్లు కూడా ఉండేవారు. వాళ్లకు తెలివి లేక కాదు, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వలేదు. అందుకే డబ్బు సంగతి ఎత్తుతూ ఎవరు ఫోన్ చేసినా ముందు పెట్టేయ్. కార్డు వెనక ఉన్న నంబరుకు నువ్వే చెయ్యి. స్క్రీన్ మీద బ్యాంకు పేరు కనిపించినా సరే, ఆ పేరు కనిపించేలా మోసగాళ్లు కూడా చేయగలరు. నంబరు కోసం నెట్‌లో వెతకొద్దు. అక్కడ కనిపించే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లు పెట్టినవీ ఉంటాయి.

ఈ మోసగాళ్లు ఎలా మాట్లాడతారో చూడు. "మేడమ్, మీ కార్డు మీద ఇప్పుడే పెద్ద మొత్తంలో కొనుగోలు జరిగింది. మీరేనా చేసింది?" కాదంటావు. "కంగారు పడకండి, ఆపేస్తాను. మీ ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది, చెప్పండి." నిజానికి అప్పటిదాకా ఏ కొనుగోలూ జరగలేదు. ఎక్కడో దొరికిన నీ కార్డు నంబరును అతను ఆ నిమిషంలోనే ఏదో సైట్‌లో కొడుతున్నాడు. నీకొచ్చే ఓటీపీ దాన్ని ఆపడానికి కాదు, పూర్తి చేయడానికి. మెసేజ్ మొత్తం చదివితే చాలాసార్లు అది దేనికోసమో అందులోనే ఉంటుంది. నీ పేరు, పుట్టినతేదీ, కార్డు చివరి నాలుగు అంకెలు గడగడా చెప్పాడని కూడా నమ్మకు. అలాంటి వివరాలు ఎక్కడెక్కడి నుంచో లీకవుతూనే ఉంటాయి.

లింకు వస్తే నొక్కొద్దు, బ్యాంకు యాప్ నువ్వే తెరిచి చూసుకో. ఎప్పుడైనా అడ్రస్ చూడాల్సివస్తే https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగాన్ని వెనక నుంచి చదువు. బ్యాంకు పేరు, డాట్ కామ్, ఆ తర్వాత మళ్లీ డాట్ పెట్టి ఇంకేదో పేరు, డాట్ నెట్ అని ఉంటే ఆ సైటు చివరి పేరువాడిది, బ్యాంకుది కాదు. తాళం గుర్తు ఉన్నంత మాత్రాన అవతలివాడు మంచివాడని కాదు. మధ్యలో ఇంకెవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం.

సాయం చేస్తామంటూ స్క్రీన్ చూపించే యాప్ ఏదైనా వేసుకోమంటే అసలే వద్దు. నువ్వు కొట్టేవి, నీకొచ్చే కోడ్‌లు అన్నీ వాళ్లకు కనిపిస్తాయి.

ఈమెయిల్‌కు, బ్యాంకుకు ఒకే పాస్‌వర్డ్ పెట్టకు. ఈమెయిల్ పోతే మిగతా పాస్‌వర్డ్‌లన్నీ అక్కడి నుంచే మార్చేస్తారు. ప్రతి లావాదేవీకి మెసేజ్ వచ్చేలా పెట్టుకో. చుట్టుపక్కల అందరికీ సిగ్నల్ ఉండి నీ ఫోన్‌కే ఉన్నట్టుండి పోయి ఎంతకీ రాకపోతే, నీ నంబరు మీద ఇంకెవరో సిమ్ తీసుకుని ఉండొచ్చు. వెంటనే వేరే ఫోన్ నుంచి సిమ్ కంపెనీకీ, బ్యాంకుకీ చెప్పు.

ఒకవేళ ఏదైనా జరిగితే సిగ్గుపడి దాచొద్దు తల్లీ. దాచిన కొద్దీ డబ్బు ఖాతాల మీద ఖాతాలు మారి దొరక్కుండా పోతుంది. ముందు బ్యాంకుకు చెప్పి కార్డు, ఖాతా ఆపించు, ఆ ఫిర్యాదు నంబరు రాసుకో, తర్వాత పోలీసులకు ఫిర్యాదు చెయ్యి. పోయిన డబ్బు తెప్పిస్తామని ఆ తర్వాత ఎవరైనా ఫీజు అడుగుతూ ఫోన్ చేస్తే, వాళ్లూ దొంగలే. టెన్షన్‌లో ఏం చేయాలో తోచకపోతే అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న