ఎడమ వైపే రెండు టైర్లు ఎందుకు పేలాయి?

పాఠకుల ప్రశ్నలకు గాజువాక ఆటోనగర్‌లో 31 ఏళ్లు లారీ, ట్రైలర్ టైర్ల పని చేసిన మేస్త్రీ జవాబులు

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్కారం. నేను రిటైరైన టీచర్‌ని. మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. కిందటేడు ఒక పాత ఆర్‌వీ ట్రైలర్ కొన్నాడు. వంటగది, పడకగది అన్నీ అందులోనే. పికప్ ట్రక్కుకి తగిలించి లాగుతాడు. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. జులైలో ఎడమ వైపు వెనక టైరు పేలితే అదొక్కటే కొత్తది వేయించాడు. మూడు వారాలకి ఎడమ వైపే ముందు టైరు పేలి, అడుగున రేకులు, నీళ్ల పైపులు చీల్చేసింది. ట్రెడ్ (నేలకి తగిలే పై పొర) చూస్తే కొత్త టైరులాగే ఉంది. వచ్చే మే నెలలో మేం వెళ్తే అందులోనే గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్తానంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్. ఏ టైర్లు వేయించమని చెప్పమంటారు? ఫోటోలు పంపుతున్నాను.
- ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: టీచరమ్మా, ఫోటోలు రెండుసార్లు చూశాను. ఏ టైర్లు అన్నది తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ‘ఎడమ వైపే’ అన్న మాట.

ఇరుసులు రెండూ పక్కపక్కనే ఉన్న బండిలో ఒక టైరు గాలి దిగితే దాని బరువు పక్క టైరు మీద పడుతుంది. ముందు ట్రక్కులో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు. బండి ఊగదు, లాగదు. మొదటి టైరు పేలి, బాబు బండి పక్కకి తీసి ఆపేలోపు ఆ రెండో టైరు రెండింతల బరువు మోసింది. లోపల దాని పొరలు అప్పుడే విడిపోవడం మొదలై ఉంటుందని నా నమ్మకం. ఒకటి పేలితే ఆ పక్కదాన్ని కూడా రిమ్ము నుంచి విప్పి లోపల చూడాలి. పాతదైతే చూడక్కర్లేదు, తీసెయ్యాలి.

ఇది నేను చాలా బాధపడి నేర్చుకున్న సంగతి. 1998లో ఉక్కు కాయిల్ ఎక్కించుకున్న ఒక ట్రైలర్‌కి గాలి చూడమని నన్ను పిలిచారు. జోరు వాన. జంట టైర్లలో బయటివి చూసి, లోపలివి సుత్తితో కొట్టి శబ్దం విని సరే అన్నాను. లోపలి టైర్లో గాలి సగమే ఉందని తర్వాత తెలిసింది. అనకాపల్లి దాటాక బయటి టైరు పేలింది. క్లీనర్ కుర్రాడికి చెయ్యి విరిగింది. ఆ రోజు నుంచి గేజి పెట్టకుండా ఏ బండినీ పంపలేదు.

గాలి తగ్గిన టైరు తిరిగినప్పుడల్లా దాని పక్క గోడ నలుగుతుంది. ఆ నలుగుడుకి వేడి పుడుతుంది. లోపల ఉక్కు తీగల బెల్టులు రబ్బరుతో అతుక్కుని ఉంటాయి కదా, వేడికి ఆ పట్టు వదులుతుంది. చివరికి ట్రెడ్ మొత్తం పట్టీలా ఊడి కొరడాలా కొడుతుంది. మీవాళ్ల పైపులు తెగింది అందుకే. బరువెక్కువైనా, వేగమెక్కువైనా జరిగేది ఇదే.

ట్రెడ్ కొత్తగా ఉందన్నారు. ఇలాంటి ట్రైలర్లు ఏడాదిలో కొన్ని వారాలే తిరుగుతాయి, మిగతా కాలమంతా ఎండలో ఒకేచోట నిలబడి ఉంటాయి. అవి అరగకముందే ముసలివైపోతాయి. ఫోటోలో డాట్ అన్న అక్షరాల వరస చివర 2218 అని ఉంది. అంటే 2018లో 22వ వారం తయారీ. ఏడేళ్లు దాటిన ట్రైలర్ టైరుని నేను నమ్మను. మిగిలిన రెండు కుడి టైర్లు కూడా అదే వయసువైతే, మే దాకా ఆగకుండా ఇప్పుడే తీయించండి.

ఇక బరువు. బండి స్టిక్కర్ మీద మొత్తం బరువు 16,000 పౌండ్లు, అంటే దాదాపు 7,250 కేజీలు. ఫిఫ్త్ వీల్ రకం, అంటే ట్రక్కు వెనక తొట్టిలో తగిలించేది కాబట్టి ఐదో వంతు ట్రక్కు మోస్తుందనుకుందాం. చక్రాల మీద 5,800, చక్రానికి 1,450 కేజీలు. ఇప్పుడున్నది ఎస్‌టీ (ట్రైలర్లకే చేసే రకం) 235/80 ఆర్ 16, లోడ్ రేంజ్ (మోసే శక్తి చెప్పే అక్షరం) ‘E’. ఆ టైరు 80 పాయింట్ల గాలితో మోసేది 1,600 లోపు. లెక్కకి సరిపోయింది అనిపిస్తుంది. కానీ వంటగది, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఒకే వైపు ఉంటే? ఆ వైపు చక్రం మీద 1,650 పడినా ఆశ్చర్యం లేదు. అందుకే సామాను, నీళ్లు నింపి, ప్రయాణానికి సిద్ధం చేసి, ఒక్కొక్క చక్రాన్నీ విడిగా తూకం వేయించమనండి. మన పోర్టు బండ్లని కాటా మీద మొత్తంగా తూస్తారు, అది ఇక్కడ చాలదు.

నా సలహా అదే సైజులో లోడ్ రేంజ్ ‘G’. 14 ప్లై రేటింగు, 110 పాయింట్ల గాలి, ఒక్కొక్కటి రెండు వేల కేజీల దగ్గర మోస్తుంది. అంత మిగులు ఉంటే నాకు నిద్ర పడుతుంది. అయితే రిమ్ము కూడా 110 పాయింట్లకి తగినదేనా అని దాని మీద ముద్ర చూడాలి. రబ్బరు వాల్వు పనికిరాదు, బిగించే లోహపు వాల్వు వేయించాలి. ట్రక్కులకి వాడే ఎల్‌టీ టైరు గట్టిదని ఎవరైనా చెబితే బాబు తొందరపడకూడదు. ఎల్‌టీ 235/85 ఆర్ 16, లోడ్ రేంజ్ ‘E’ మోసేది 1,380 కేజీలే. మీ బండికి చాలదు. కంపెనీ పేరు చూసే ముందు ఈ అంకె చూడాలి.

వేగం గురించి గట్టిగా చెప్పండి. పక్క గోడ మీద వేగం అక్షరం లేని ఎస్‌టీ టైరుని గంటకి 65 మైళ్లకి (దాదాపు 105 కిలోమీటర్లు) మించి నడపకూడదు. ఎల్ అక్షరం ఉంటే 120, ఎం ఉంటే 130 కిలోమీటర్లు. టెక్సస్‌లో 75 మైళ్ల బోర్డులు చాలా ఉంటాయి, ఆ బోర్డు కార్ల కోసం అనుకుని 60, 62లో వెళ్లమనండి.

ఇంకొక్కటి. అమెరికాలో 2008 మోడల్ నుంచి కార్లలో టైరు గాలి తగ్గితే చెప్పే యంత్రం తప్పనిసరి. ట్రైలర్లకి ఆ నియమం లేదు. నాలుగు చక్రాలకీ సెన్సర్లు విడిగా కొని పెట్టించండి. అది ఉండి ఉంటే జులైలో మొదటి టైరు దగ్గరే హెచ్చరించేది. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఆరిజోనా ఎండలో నడిచాక పది, పదిహేను పాయింట్లు పెరుగుతుంది, భయపడి వదలకూడదు. కొత్త చక్రాలు బిగించాక మొదటి 50 మైళ్లు నడిచాక ఆగి నట్లు మళ్లీ బిగించాలి. పెట్రోలు బంకుల్లో, క్యాంపుల్లో బండిని నిలబడ్డచోటే మెలితిప్పినట్టు తిప్పితే రెండు ఇరుసుల టైర్లూ పక్కకి ఈడ్చుకుపోయి లోపల పట్టు చెడుతుంది. విశాలంగా తిప్పమనండి.

ఇవన్నీ చేయించి వెళ్లండమ్మా. తూకం చీటీ ఫోటో నాకు పంపిస్తే అంకెలు నేనూ చూస్తాను.

ప్రశ్న: మినీ బస్సు కొని అరకు ట్రిప్పుల కోసం కారవాన్‌గా మార్పిస్తున్నాను. ఖర్చు తగ్గుతుందని రీట్రెడ్ టైర్లు (పాత టైరు మీద కొత్త ట్రెడ్ అతికించినవి) వేయించవచ్చా?
- మధురవాడ పాఠకుడు

జవాబు: ముందు చక్రాలకి వద్దు బాబూ, అవి కొత్తవే ఉండాలి. వెనక జంటలకి మంచి కేసింగు (ట్రెడ్ కింది పాత టైరు), మంచి పనివాడు దొరికితే తప్పు లేదు, లారీలు నడుస్తూనే ఉన్నాయి. కానీ అనంతగిరి ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు వేడి రిమ్ముకి, అక్కడి నుంచి టైరుకి ఎక్కుతుంది. తక్కువ గేరులో దిగాలి. 200 లీటర్ల ట్యాంకు అంటే 200 కేజీలు, మంచాలు, ఏసీ, జనరేటరు వేరే. పని పూర్తయ్యాక ముందు ఇరుసు, వెనక ఇరుసు విడిగా తూయించి, ఆ అంకెలు పట్టుకుని టైర్ల షాపుకి వెళ్లు.

ప్రశ్న: నైట్రోజన్ నింపితే టైరు పేలదంటున్నారు. నిజమేనా?
- పెదగంట్యాడ

జవాబు: కాదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నింపించుకుంటే నష్టం లేదు, గాలి కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది. మేకు గుచ్చుకుంటే మాత్రం రెండూ ఒకలాగే పోతాయి. ఆ డబ్బుతో మంచి గేజి కొనుక్కోండి.