కాటిసుంకం కట్టేదెవరు?

ప్రశ్న: ఉగాదికి మా ఊళ్లో సత్య హరిశ్చంద్ర నాటకం వేశారు. డిగ్రీ చదివే మా అమ్మాయి తెల్లవార్లూ చూసి, ‘మాట ఇచ్చింది ఆయన, అమ్ముడుపోయింది ఆమె. ఇదేం సత్యం?’ అంది. జవాబు చెప్పలేకపోయాను. ఈ నాటకంలో నీతి ఒక్కటే ఉందా, రాజకీయం కూడా ఉందా?
– ఒక పాఠకురాలు, పత్తికొండ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అడిగినదాంట్లో న్యాయముంది. ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల్లో 22 ఏళ్లు ఈ నాటకానికి హార్మోనియం వాయించినవాణ్ణి. కాశీలో చంద్రమతిని అమ్మే సీను వస్తే ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ‘వన్స్ మోర్’ అన్న కేక నేనెప్పుడూ వినలేదు. మార్కండేయ పురాణంలో ‘నన్ను అమ్మండి’ అని భార్యే అంటుంది. అన్నంత మాత్రాన ఆయన తప్పు పోతుందా? జూదంలో ఓడిన భర్త గురించి ద్రౌపది నిండుసభలో నిలదీసింది. చంద్రమతికి ఆ పాటి అవకాశం కూడా లేదు. అక్కడ నాకూ హరిశ్చంద్రుడి మీద కోపమే.

రాజకీయమంటారా, దండిగా ఉంది. విశ్వామిత్రుడికి రాజ్యం ధారపోసేటప్పుడు ప్రజల్ని ఒక్క మాట అడగలేదు. ఆ ముని శిష్యుడు నక్షత్రకుడు అప్పు వసూలుకు వెంటపడితే జనం పడీపడీ నవ్వుతారు. అప్పిచ్చినవాడు గడప ముందు కూర్చోవడం తెలిసిన ఊళ్లు మావి, ఆ నవ్వులో కొంచెం టెన్షన్ కూడా ఉంటుంది. ఇక కాటిసీను. నిన్నటిదాకా సుంకాల మీద బతికిన రాజు, కాటి యజమాని వీరబాహుడికి బానిసై శవాల మీద సుంకం వసూలు చేస్తున్నాడు. పాము కరిచి చచ్చిన కొడుకు లోహితుణ్ణి ఎత్తుకుని తన భార్యే వచ్చింది. చేతిలో పైసా లేదు. లేనివాడు సుంకం ఎట్లా కడతాడో ఆ రాజుకు తెలిసింది అప్పుడే.

ఆ సీనులో జనం కాచుకుని కూర్చునే పద్యాలు నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివి కావు, గుర్రం జాషువా గారివి. నటులు తెచ్చి కలుపుకున్నారు. అంటరానితనం అనుభవించిన కవి పద్యం, కాటికాపరైన రాజు నోట!

పురాణం చివర ఇంకో ముచ్చట ఉంది. ఇంద్రుడు స్వర్గానికి పిలిస్తే, ప్రజల్ని వదిలి రానంటాడు హరిశ్చంద్రుడు. రాజు అనుభవించేది ప్రజల చలవే, నా పుణ్యం వాళ్లకూ పంచండి, ఒక్కరోజైనా చాలంటాడు. మేమెప్పుడూ అది వేయలేదు. అప్పటికి కోళ్లు కూసేవి. దేవుడు ప్రత్యక్షం కాగానే మంగళం పాడి పెట్టె మూసేవాళ్లం.

ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో ఒకసారి ఒక అవ్వ కాటిసీను మధ్యలో లేచి స్టేజీ దగ్గరికొచ్చింది. కొంగుముడి విప్పి, నలిగిన పదిరూపాయల నోటు చంద్రమతి చేతిలో పెట్టి, ‘కట్టేయమ్మా, బిడ్డను కాల్చుకో’ అంది. చంద్రమతి వేసిన ఆయన నోటు పట్టుకుని హరిశ్చంద్రుడి వైపు చూశాడు, హరిశ్చంద్రుడు నా వైపు చూశాడు. సుంకం కడితే, భర్తకు తప్ప ఎవరికీ కనపడని ఆమె తాళిబొట్టు సంగతి రాదు, ఒకరినొకరు గుర్తుపట్టడం ఉండదు, నాటకం అక్కడే ఆగిపోతుంది. ఏం చేయాలో తోచక నేను శృతి పట్టుకునే కూర్చున్నాను.