కార్డు ఉంది సరే, ఇన్‌హేలర్‌కి డబ్బెక్కడిది?

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు రాశారు. బట్టల షాపులో లెక్కలు చూస్తారు, జీతం 28,000. భార్య ఇంట్లో మిషన్ కుట్టి ఆరు వేల దాకా తెస్తారు. ఆరేళ్ల బాబుకి చలి మొదలైతే ఆయాసం, రెండేళ్ల పాపకి మాటలు ఆలస్యం. ‘ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, ఆయుష్మాన్ ఉంది, ఇంకా ప్రైవేటు పాలసీ దేనికని రెండేళ్లు కట్టి మానేశాను. తర్వాత బాబు వైద్యానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 80,000 తెచ్చాను, ఫోన్ యాప్‌లో 22,000 బాకీ, బ్యాంకులో గొలుసు మీద 60,000. ఇప్పుడు చీటీ పాడాను, చేతికి 1,85,000 వస్తుంది. బంగారం కొనాలా, పిల్లల చదువుకి సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత కట్టడం) మొదలుపెట్టాలా?’ ఇదీ ప్రశ్న. చివర్లో ఇంకో మాట: కిస్తీలు కట్టలేక పాల ప్యాకెట్లు రెండు నుంచి ఒకటికి తగ్గించారట.

ఆ చివరి మాట చూసే ఈ సమాధానం రాస్తున్నా.

సీమలో ఎవరిని కదిపినా ‘కార్డుండాది కదా, ఇంకేం టెన్షన్’ అంటారు. ఆ ధీమా ఊరికే రాలేదు. 2007లో ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) మొదటగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. అంతకుముందు పిల్లాడి గుండెలో రంధ్రమంటే పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో ఉచితంగా అవకాశం దొరకాలి, లేదా పొలం అమ్మాలి. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఎంతమంది పిల్లలున్నా, పాత జబ్బైనా సరే. రాష్ట్రం తన పథకంలో పరిమితిని 25 లక్షలకు పెంచింది. పెద్ద ఆపరేషన్ భయం నిజంగానే తగ్గింది.

కానీ మీ 80,000 ఎలా అయ్యాయో మీరే రాశారు చూడండి. డాక్టర్ ఫీజులు, నెబ్యులైజర్, రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు, నెలనెలా ఇన్‌హేలర్, బెంగళూరుకి పోయిరావడం, షాపుకి పోని రోజుల జీతం కోత. బాబు ఒక్కసారి కూడా అడ్మిట్ కాలేదు. కార్డు పనిచేసేది జాబితాలో ఉన్న ఆసుపత్రిలో, ప్యాకేజీలో ఉన్న జబ్బుకి, మంచం ఎక్కితేనే. ఆయుష్మాన్‌లో చేరడానికి ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు కలుస్తుంది, అంతే. పిల్లల ఆరోగ్యం ఎక్కువగా మంచం ఎక్కని రోజుల్లోనే ఉంటుంది. దేశం లెక్కలూ అదే చెబుతున్నాయి: 2013-14లో వైద్యానికయ్యే ప్రతి 100 రూపాయల్లో 64 జనం జేబులోంచే పోయేవి, 2021-22కి అది 39కి దిగింది. ఆ మిగిలిన 39 మీలాంటి ఇళ్లలోంచే పోతోంది. పైగా బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం 2024లోనూ చూశాం, 2025లోనూ చూశాం. ఆ వారంలో పిల్లాడికి ఊపిరాడకపోతే చేతిలో ఉన్న నగదే దిక్కు.

అందుకే ఎవరికైనా నేను మొదట చెప్పేది అత్యవసర నిధి. విసుక్కునేవాళ్లు విసుక్కోనీ.

చీటీ డబ్బు రాగానే మూడు రూపాయల అప్పు తీర్చేయండి, అదేరోజు, ప్రోనోటు వెనక్కి తీసుకుని. ఏడాదికి 36 శాతం అది, నెలకి 2,400 ఊరికే పోతున్నాయి. తర్వాత యాప్. ఆ యాప్ ఎందుకు తీసుకున్నారండీ అసలు? 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోకూడదు. మీ బావమరిదికి ఫోన్ చేసి పరువు తీశారని కూడా రాశారు, అది ఎలాంటి యాపో అర్థం చేసుకోండి. కట్టేసి, రసీదు దాచుకుని, యాప్ తీసేయండి. ఇంకోటి దించుకోవద్దు, ‘ఈ ఒక్కసారికే’ అని కూడా వద్దు.

మిగిలేది 83,000. ఇందులో 15,000 భార్యాభర్తల జాయింట్ ఖాతాలో, ఏటీఎం కార్డు ఇంట్లో ఆమె దగ్గర, ఎందుకంటే రాత్రి రెండింటికి ఆయాసం వస్తే మీరు షాపు సరుకు కోసం ఏ సూరత్‌లోనో ఉండొచ్చు. 68,000 మూడు నాలుగు చిన్న ఎఫ్‌డీలుగా వేయండి, అవసరానికి ఒకటే విరగ్గొట్టుకోవచ్చు. మూడు నెలల ఇంటి ఖర్చు అది. చీటీ పాడుకున్నా నెలనెలా కట్టాల్సిందేనని మర్చిపోకండి. వడ్డీ, యాప్ కిస్తీ కలిపి నెలకి ఆరు వేలు మిగులుతాయి కదా, అందులో మొదట రెండో పాల ప్యాకెట్ వెనక్కి రావాలి, తర్వాత ఇన్‌హేలర్, ఆపైన గొలుసు అప్పు. తక్కువ ధరకి మందులమ్మే జన్ ఔషధి షాపులో దొరికే మందు రాయమని డాక్టర్‌ని అడగండి, అడగడానికి మొహమాటమెందుకు.

పాప మాటల కోసం సెషన్‌కి 500 చొప్పున కట్టబోతున్నారట, ఆగండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదల ఆలస్యం చూసేందుకు 2013లోనే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. చికిత్స ఉచితం. అంగన్‌వాడీ కార్యకర్తనో ఏఎన్ఎమ్‌నో అడిగితే ఎక్కడికి పంపాలో చెబుతారు. వినికిడి పరీక్ష మాత్రం ఈ నెలలోనే చేయించండి.

సిప్ గొలుసు ఇంటికొచ్చాక. బంగారం కొనొద్దని ప్రొద్దుటూరులో చెబితే వినేవాళ్లెవరూ ఉండరు గానీ, బ్యాంకులో ఉన్నది ముందు విడిపించండి.

ఇక వదిలేసిన పాలసీ. పాత జబ్బుకి పాలసీ డబ్బిచ్చే ముందు ఆగాల్సిన గడువుని (వెయిటింగ్) 2024లో గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించారు. మీరు కట్టిన రెండేళ్లు పోయాయి, మళ్లీ మొదటి నుంచే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు కాబట్టి, అప్పులు తీరాక నలుగురికీ కలిపి ఒక ఫ్లోటర్ (ఇంటందరికీ ఒకే పాలసీ) తీసుకోండి. ఫారంలో బాబు ఆయాసం సంగతి రాయండి, ఏజెంట్ వద్దన్నా సరే రాయండి.